ముందు దిగిన చేప

రజబ్ 3

తొట్టి నీళ్లు నిలకడకు వచ్చాయి. పెళ్లికి ముందు నింపినవి. ఒబ్హూర్ సముద్రపాయ దాటి, పడవ మీద లోతుకు వెళ్లి పీపాల్లో తెచ్చుకున్న నీళ్లు. రాళ్లు నేనే పేర్చాను. మూడు గుట్టలు, వాటి మధ్య సందులు, వెనక ఒక సొరంగం. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తొట్టే. జిద్దా అంతా వెతికినా ఒక మనిషి సొంత చేతులతో కట్టుకున్న తొట్టి ఇంతది ఉండదని దర్వీష్ బాబాయ్ అన్నాడు. ఆయన పొగిడే మనిషి కాదు. చేపల బజారులో ఆయన దుకాణానికి వయసులో ఉన్నప్పటి నుంచి పోతున్నాను. ఇదే మొదటి మంచి మాట.

బద్రియా మాత్రం, ‘‘చేపల్లేని తొట్టి చూపించి పెళ్లి చేసుకున్నావు’’ అంటుంది. వచ్చి నెల కాలేదు. యాన్బూ మనిషి, నోరు పదును.

రాత్రికి ఫూల్, చిక్కుడు గింజల కూర. రెండు తమీస్ రొట్టెలు.

రజబ్ 6

ఏ చేప పక్కన ఏ చేప బతుకుతుందో నాకు ఎవరూ నేర్పలేదు. రేవు గిడ్డంగిలో లెక్కలు రాసి ఇంటికొచ్చి, గాజు ముందు కూర్చుని నేర్చుకున్నాను. ఆకారం, తిండి, కూర్చునే చోటు. రెండు చేపలకు ఈ మూడూ ఒకటే అయితే ఒకటి రెండోదాన్ని చంపుతుంది. రెండు కలిసినా కష్టమే. మెల్లగా ఈదే సింహం చేపను గిల్లే చేపల మధ్య వేయకూడదు. పోట్లాడే రకాన్ని తీసుకుంటే దాని జాతివాణ్ణి మళ్లీ తేకూడదు.

దర్వీష్ బాబాయ్‌కి చెబితే, ‘‘నువ్వూ నీ కొత్త పెళ్లామూ ఒకే వయసు, ఒకే మొండితనం, కూర్చునేది కూడా ఒకే చోట. జాగ్రత్త’’ అన్నాడు. ఆయనకు ఎప్పుడూ వేళాకోళమే.

రజబ్ 9

మర్జూఖ్ వచ్చాడు. బద్రియా తమ్ముడు, యాన్బూలో చేపలు పట్టే మనిషి. జీపు వెనక పీపా, పీపాలో గాలి గొట్టం. మూత తీయగానే వంగి చూశాను.

సొహాల్. నా మూర కంటే కొంచెం తక్కువ. నీలం మీద తెల్లటి చారలు గీత పెట్టి గీసినట్టు ఉన్నాయి. తోక మొదట్లో నారింజ మచ్చ, ఆ మచ్చలో కత్తిలాంటి ముల్లు.

‘‘వలలో పడింది కాదు బావా, వెంటబడి పట్టాను. నా బొటనవేలు చూడు, కుట్లు వేయించుకున్నా. అక్క పెళ్లికి కానుక ఇవ్వలేదని మా ఆవిడ రోజూ పొడుస్తోంది.’’

‘‘బాగుంది’’ అన్నాను.

‘‘బాగుందట! అక్కా, నీ మొగుడికి మాటలకు కూడా కొరతేనా?’’

వేయదలచుకున్న చేపల్లో సొహాల్ కూడా ఉంది, కాదనను. అయితే అది పుట్టింటి నుంచి వచ్చిన కానుక. పెద్ద అతిథిని గుమ్మంలో నిలబెట్టి పిల్లకాయలను ముందు లోపలికి పంపుతామా? ముందు అదే దిగింది. మర్జూఖ్ చేతులతోనే దింపించాను. బద్రియా నాలుక ఆడిస్తూ పెళ్లికేక పెట్టింది. కింద అంతస్తు వాళ్లు పైకి వచ్చి చూశారు.

వెళ్తూ మర్జూఖ్ అన్నాడు: ‘‘షాబాన్ ఆఖరున, ఉపవాసాలకు ముందు, మా వాళ్లందరం మీ ఇంట్లోనే తింటాం బావా. అప్పటికి తొట్టి నిండా చేపలుండాలి.’’

ఉంటాయన్నాను.

రజబ్ 12

సొహాల్‌కు ఇల్లు నచ్చింది. రోజంతా ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతుంది. ప్రతి రాయి మీది పాచీ తనదే. నేను చెయ్యి పెడితే చేతి మీదికి వస్తుంది. బజారు నుంచి మనుషులు చూడటానికి వచ్చారు. ఎవరూ ఊరికే చూసి వెళ్లలేదు, ఎలా నిలబెట్టావని అడిగారు.

బద్రియా నా కుర్చీని కిటికీ వైపు జరిపి, తొట్టి ముందు తన దిండ్లు వేసింది. పొద్దున్నే ఎక్కడివక్కడ సర్దాను. మొదటి భార్య సఫియా పోయాక ఆరేళ్లు ఒక్కణ్ణే ఉన్నాను. ఈ ఇంట్లో ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను.

రజబ్ 17

నెలవంక చేపను తెచ్చాను. ఒళ్లంతా నీలం, పక్కన పసుపు నెలవంక. ఆకారం వేరు, తిండి చాలావరకు వేరు, పిరికిది కాదు. సొహాల్‌తో సర్దుకోవలసిన చేప.

అస్ర్ నమాజుకు వెళ్లి వచ్చేసరికి దాని రెక్క చీలికలై ఉంది. తీసి బకెట్‌లో వేశాను. దర్వీష్ బాబాయ్ దుకాణంలో పెట్టుకుంటానన్నాడు.

‘‘సొహాల్‌తో ఇంకోదాన్ని ఉంచినవాణ్ణి నేను చూళ్లేదురా సదఖా. దానికి అద్దె వసూలు చేయడం తెలియదు, ఖాళీ చేయించడమే తెలుసు.’’

‘‘నేను ఉంచుతాను బాబాయ్.’’

‘‘ఉంచు. ఉంచితే నా దుకాణం పేరు మార్చి నీ పేరు పెడతా.’’

రజబ్ 19

పసుపు చేపల జంట తెచ్చాను. రెండూ మూలకు ఒదిగి ఉన్నాయి. సొహాల్ అడ్డంగా తిరిగి తోక చూపిస్తోంది.

రజబ్ 20

ఒకటి పోయింది. రెండోదాన్ని బజారుకు తీసుకెళ్లి ఇచ్చేశాను.

వంటింట్లో ఏలకుల డబ్బా కనపడలేదు. ఆవిడ పై అరలోకి మార్చింది. కిందికి తెచ్చాను.

రజబ్ 23

పాత కిటుకు ఒకటి గుర్తొచ్చింది. గాజుకు బయట అద్దం ఆనిస్తే పోట్లాడే చేప తన బొమ్మతోనే పోట్లాడుకుంటుంది, మిగతావాటిని వదిలేస్తుంది. బీరువాలో బద్రియా అద్దం ఉంది, వెండి అంచుది. తెచ్చి కట్టాను. సొహాల్ పొద్దంతా దానితోనే. అలసిపోదు. తొట్టిలో ఇంకెవరూ లేకపోయినా యుద్ధం నడుస్తూనే ఉంది. చూడటానికి గొప్పగా ఉంది.

బద్రియా వచ్చి అద్దం వైపు చూసింది.

‘‘అది మా అమ్మ అద్దం.’’

‘‘నీళ్లు తగలవు.’’

‘‘నీళ్ల సంగతి కాదు నేనడిగింది.’’

నిజానికి ఆవిడ ఏమీ అడగలేదు. అద్దం తీసుకుని వెళ్లిపోయింది.

రజబ్ 26

బద్రియా చుట్టుపక్కల ఆడవాళ్లను టీకి పిలిచింది. నాకు ముందే చెప్పానంటుంది. చెప్పే ఉంటుంది. నేను సముద్రపు నాచు తీసుకుని నేరుగా హాల్లోకి వెళ్లాను. అందరూ ఒక్కసారి లేచి గుడ్డలు మీదికి లాక్కున్నారు. ఎవరిదో గ్లాసు పగిలింది. నేను తొట్టి మూత తీసి, నాచు వేసి, మూత పెట్టి బయటకు వచ్చాను. సొహాల్ తిండికి అప్పటికే ఆలస్యమైంది.

వాళ్లు వెళ్లాక:

‘‘గడప దగ్గర ‘దారి’ అని ఒక్క కేక వేస్తే నీ గొంతు అరిగిపోతుందా?’’

‘‘నా ఇల్లే కదా.’’

‘‘పదేళ్ల కుర్రాడికి తెలుసు. పరాయి ఆడవాళ్లున్న ఇంట్లో మగవాడు ‘దారి’ అనకుండా కాలు పెట్టడు. వాళ్లు ముసుగులు వేసుకునేదాకా ఆగుతాడు. రేపు వాళ్ల ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?’’

‘‘ఆరేళ్లుగా ఇంట్లో ఎవరూ లేరు. ఎవరికని కేక వేస్తాను? అలవాటు పోయింది.’’

‘‘ఇప్పుడూ ఎవరూ లేరనే అనుకుంటున్నావు సదఖా.’’

లేచి వెళ్లి తొట్టి నీళ్లలో ఉప్పు చూశాను. సరిగ్గా ఉంది.

రజబ్ 27

బద్రియా తమ్ముడి దగ్గరకు వెళ్లింది. పెట్టె తీసుకెళ్లింది. అద్దం కూడా. గుమ్మంలో నిలబడి, ‘‘ఈ ఇంట్లో నా చోటు ఎక్కడో నీకు కనపడ్డాక ఫోన్ చెయ్యి. కనపడకపోతే చెయ్యకు. నేను అక్కడే ఉండిపోతాను’’ అంది.

యాన్బూ గాలి మంచిది. చిన్న మార్పు ఎవరికైనా అవసరమే.

ఫూల్. ఒక తమీస్.

షాబాన్ 1

ఒక తమీస్.

ఇల్లు సర్దుగా ఉంది.

షాబాన్ 4

ఏలకుల డబ్బా కోసం పై అర వెతికాను. కిందే ఉంది.

సొహాల్ తిరుగుతోంది. ఇంత పెద్ద తొట్టిలో ఒక్కటి. చూడటానికి ఎవరూ రాలేదు.

ఒక తమీస్, సగం మిగిలింది.

షాబాన్ 7

ఈ రోజు కనిపెట్టిన సంగతి వివరంగా రాసి పెట్టుకోవాలి. ఇది ఏ పుస్తకంలోనైనా ఉందేమో తెలియదు. నాకు మాత్రం నా తొట్టి చెప్పింది.

గాజు తుడుస్తుంటే మోచెయ్యి తగిలి కుడివైపు గుట్ట కూలింది. పై రాయి దొర్లి సొరంగానికి అడ్డం పడింది. సొహాల్ అదిరి ఓ మూలకు పోయింది. కాసేపటికి వచ్చింది. రావడం రావడం వేరే చేపలా వచ్చింది. మెల్లగా. తను రోజూ దూరే సందు దగ్గరకు వెళ్లి ఆగింది, సందు లేదు. వెనక్కి తిరిగింది. మగ్రిబ్ నమాజు దాకా అలాగే, కొత్త ఊళ్లో అడ్రసు వెతుక్కునేవాడిలా ప్రతి రాయినీ చూసుకుంటూ తిరిగింది. నేను చెయ్యి పెట్టాను. మీదికి రాలేదు!

అంటే దాని కోపం ఒంట్లో లేదు, రాళ్లలో ఉంది. ముందు వచ్చింది. అన్ని చోట్లూ ఖాళీగా దొరికాయి, అన్నీ తనవయ్యాయి. తర్వాత ఎవరు వచ్చినా దానికి దొంగే. చేప తప్పు లేదు. దింపిన వరస తప్పు.

కాబట్టి దాన్ని బయటకు తీయాలి. రాళ్లన్నీ మార్చాలి. మిగతా చేపలు ముందు వచ్చి చోట్లు పట్టుకోవాలి. సొహాల్ ఆఖరున, కొత్తవాడిలా దిగాలి.

చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

షాబాన్ 8

ఒక చిక్కు ఉంది. కానుకగా వచ్చిన చేపను తొట్టిలోంచి తీయడమంటే అతిథిని భోజనం మధ్యలో లేపడమే. పైగా బద్రియా యాన్బూలో ఉన్న సమయంలో. మర్జూఖ్ ఏమనుకుంటాడు?

షాబాన్ 10

మర్జూఖ్‌కు ఫోన్ చేశాను. చేప కోసమే చేశాను.

‘‘నీ సొహాల్‌ను కొన్నాళ్లు బయట ఉంచాలి. నీ అనుమతి కావాలి’’ అన్నాను.

‘‘చచ్చిపోతోందా?’’

‘‘లేదు. చంపుతోంది.’’

‘‘అతిథిని బయటకు పంపుతావా బావా? అక్క కూడా ఇక్కడే ఉంది. జనం ఏమంటారు, రెండు కానుకలూ తిప్పి పంపాడంటారు.’’

మాట నోటికి దానంతట అదే వచ్చింది.

‘‘తప్పు నాదే మర్జూఖ్. దాన్ని అతిథి అనుకుని ముందు దింపాను. అది అతిథి కాదు, ఇంటివాడు. అతిథులు ముందు కూర్చోవాలి. ఇంటివాడు అందరూ కూర్చున్నాక, మిగిలిన చోట కూర్చోవాలి.’’

మర్జూఖ్ గొంతు తగ్గించాడు. 

‘‘బావా, ఈ మాట అక్కకు చెప్పనా?’’

‘‘చేప సంగతే కదా. చెప్పు.’’

షాబాన్ 11

సొహాల్‌ను వెనక గదిలో పెద్ద టబ్బులోకి మార్చాను. చేతికి గాటు పడింది. కట్టు కట్టాను. కత్తి చాలా శుభ్రమైన కత్తి.

రాళ్లన్నీ బయటకు తీశాను. ఎంతో ఇష్టంగా పేర్చుకున్న సొరంగాన్ని విప్పుతుంటే కాస్త చెయ్యి ఆగింది. ఈసారి అయిదు గుట్టలు, అన్నిటికీ రెండేసి దారులు. ఒకడు తరిమితే రెండోవాడు తప్పుకునేలా. మొదటిదాని కంటే ఇది బాగుంది. చాలా బాగుంది.

షాబాన్ 12

బద్రియా ఫోన్ చేసింది.

‘‘ఇంటివాడు ఆఖరున కూర్చోవాలని చేపకు నేర్పుతున్నావట.’’

‘‘అవును.’’

‘‘నేర్చుకుంటుందా?’’

‘‘రాళ్లు మార్చాను. పాత చోట్లు దొరకవు. నేర్చుకుంటుంది.’’

‘‘నీ కుర్చీ ఎక్కడుంది?’’

‘‘ఉన్న చోటే.’’

‘‘మంచిది’’ అని పెట్టేసింది.

షాబాన్ 13

తొట్టి కింద గొట్టం మార్చాలి. అందుకు కుర్చీ అడ్డం. బయటకు తీశాను. గొట్టం మార్చాక కూడా అక్కడ తడిగా ఉంటుంది కాబట్టి కుర్చీని దర్వీష్ బాబాయ్ దుకాణానికి పంపించాను. ఆయన కూర్చుని చూసి, ‘‘ఇందులో ఒక మనిషి గుంట ఉందిరా, ఇంకెవరికీ పట్టదు’’ అన్నాడు.

హాల్లో తివాచీ కూడా చుట్టి పెట్టాను. దులపాలి.

షాబాన్ 15

బజారుకు తిరిగి ఇచ్చేసిన పసుపు చేపా, అక్కడే దొరికిన దాని కొత్త జతా. ముందు ఈ రెండూ దిగాయి. మధ్య గుట్ట తీసుకున్నాయి. ఆ వెనక ఎర్రచేపలు మూడు, పగలు గుహ వదలవు. వాటిది అడుగున చీకటి సందు.

షాబాన్ 18

గొళ్లెం చేప. దీనికి వీపు ముల్లు ఉంది. భయం వేస్తే సందులో దూరి ముల్లు నిలబెట్టి గడియ వేసుకుంటుంది, ఎవడూ లాగలేడు. సొహాల్ పక్కన ఉండాల్సినవాడు ఇలాంటివాడే.

వంటింటి అరలు ఖాళీ చేశాను. డబ్బాలన్నీ కడిగి బల్ల మీద బోర్లించాను. ఆరాలి. ఆరాక ఎక్కడ పెట్టాలో ఇంకా అనుకోలేదు.

షాబాన్ 20

నెలవంక చేప తిరిగి వచ్చింది. రెక్క అతుక్కుంది. దర్వీష్ బాబాయ్ తనే తెచ్చాడు. ఎడమ గుట్టలో పెద్ద గుహ చూసుకుంది. గుహ ముందు నిలబడి బాబాయ్ వైపు చూసింది.

‘‘ఇల్లు పట్టుకుందిరా. ఇక రేపు ఆ దొంగనాయాలు దిగినప్పుడు చూద్దాం’’ అన్నాడు.

షాబాన్ 24

సొహాల్ దిగింది.

బాబాయ్ చేతిలో వల సిద్ధంగా పెట్టుకున్నాడు. సొహాల్ నీళ్లలో పడి ఒకసారి పూర్తిగా చుట్టూ తిరిగింది. తోక తిప్పి కత్తి చూపించింది. ఎవరూ పరిగెత్తలేదు. నెలవంక తన గుహ ముందు అడ్డంగా నిలబడింది. గొళ్లెం గడియ వేసుకుంది. పసుపు జంట గుట్ట అవతలి దారిలోంచి బయటకు వచ్చి, తిండి తింటూనే ఉంది.

సొహాల్ నెలవంక దాకా వెళ్లి ఆగింది. రెండూ ఎదురెదురుగా. తర్వాత సొహాల్ పక్కకు తిరిగి, గుహలన్నీ దాటుకుంటూ, చివరి గుట్ట పైన ఖాళీగా ఉన్న బల్లపరుపు రాయి దగ్గర ఆగింది. పాచి కొరికింది.

అంతే. ఇంకేం జరగలేదు. జరగకపోవడమే నేను చేసిన పని.

దర్వీష్ బాబాయ్ వల పక్కన పెట్టి, ‘‘బోర్డు రాసేవాణ్ణి పిలవాలి’’ అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు.

మర్జూఖ్‌కు ఫోన్ చేశాను. ‘‘తొట్టి నిండింది. షాబాన్ భోజనానికి రండి. అందరూ’’ అన్నాను. ‘అందరూ’ రెండుసార్లు అన్నాను. తాళం చెవి బజారులో బాబాయ్ దగ్గర ఉంటుందని, ఆ పూట నేను సముద్రపు నీళ్ల కోసం ఒబ్హూర్ వెళ్లాలని, వాళ్లు ముందు వచ్చి సర్దుకోవాలని చెప్పాను. నీళ్లు అవసరమే. నెలకోసారి కొంత మార్చాలి.

షాబాన్ 27

ఒబ్హూర్‌లో ఒక్క పీపా నింపుకుని, పడవవాడితో ఆ మాటా ఈ మాటా చెప్పి ఆలస్యంగా బయలుదేరాను. వాడు నా ముఖం చూసి, ‘‘ఏంటి సదఖా, ఇవాళ నోరు తెరిచావు?’’ అన్నాడు.

మెట్ల దగ్గరే వేయించిన ఉల్లిపాయ, చేపన్నం వాసన. నా గుమ్మం ముందు చాలా చెప్పులు. లోపల పిల్లల గోల, ఆడవాళ్ల నవ్వులు. తలుపు చేరవేసి ఉంది, తోస్తే తెరుచుకుంటుంది.

పీపా కింద పెట్టాను. గంట నొక్కాను. నా ఇంటి గంట ఎలా మోగుతుందో ఇన్నేళ్లలో నాకు తెలియదు. పిట్ట కూతలా ఉంది.

‘‘దారి!’’ అని కేక వేశాను. మొదటి కేక లోపలి గోలలో కలిసిపోయింది. మళ్లీ వేశాను. ‘‘దారి!’’

లోపల నవ్వులు ఆగిపోయాయి. గుడ్డలు సర్దుకున్న చప్పుడు. తర్వాత బద్రియా గొంతు, తలుపు వెనక నుంచే.

‘‘ఎవరది?’’

‘‘సదఖా.’’

‘‘ఏ సదఖా?’’

మర్జూఖ్ లోపల ఎక్కడో పగలబడి నవ్వాడు.

‘‘చేపల సదఖా’’ అన్నాను.

‘‘చేపలన్నీ కూర్చున్నాయా?’’

‘‘కూర్చున్నాయి.’’

‘‘మేమూ కూర్చున్నాం. దారి ఉంది, రా.’’

వెళ్లాను. తివాచీ అడ్డంగా పరిచారు. తొట్టి ముందు ఆవిడ దిండ్లు. అద్దం తలుపు పక్కన గోడకు, మేకు కొట్టి. అందరూ ఉన్నారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాను. పిల్లలు నన్ను చూసి నవ్వారు. బద్రియా కిటికీ కింద ఖాళీ చూపించింది.

‘‘అక్కడ. మిగిలింది అదే.’’

కూర్చున్నాను. మర్జూఖ్ సొహాల్ కోసం గాజుకు ముక్కు ఆనించి వెతుకుతున్నాడు. ‘‘బావా, నా చేప ఎక్కడ? ఆ మూల నిమ్మళంగా మేస్తున్నది నాదేనా? నా బొటనవేలు కోసినవాడు వీడేనా?’’ అందరూ లేచి వెళ్లి చూశారు. ఒక్కో చేపను వేలితో చూపించి పేరు చెప్పాను. ఏది ఏ గుట్టది, ఎందుకు, ఎవరి తర్వాత ఎవరు. ఎవరూ ఆపలేదు. పెళ్లయినప్పటి నుంచి అంతసేపు నేను మాట్లాడటం బద్రియా చూడలేదట. తర్వాత పళ్లెం పెడుతూ నా చెవిలో అంది.

ఏలకుల డబ్బా పై అరలో ఉంది. టీ పెట్టడానికి వెళ్లి చూశాను. అక్కడే ఉంచాను.

ఇంకో సంగతి. కిటికీ కింద నుంచి చూస్తే నెలవంక గుహ లోపలి దాకా కనిపిస్తుంది. రాత్రికి అది ఏ రాయికి ఆనుకుని పడుకుంటుందో కూడా. నా పాత కుర్చీ ఉన్న చోటి నుంచి అది కనిపించదు. ఈ హాలు మొత్తంలో తొట్టి చూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఈ మాట బద్రియాకు చెప్పలేదు. చెబితే తన దిండ్లు ఇటు జరుపుతుంది.

చేపన్నం ఇంట్లోదే. తమీస్‌లు పద్నాలుగు. ఏమీ మిగల్లేదు.